మనసు సంగతి తర్వాత, ముందు చర్మం చూడండి

ఆడవాళ్ళ జబ్బుల్లో కొన్ని నలుగురిలో చెప్పుకోవడానికి వీలైనవి. మోకాళ్ళ నొప్పులు, షుగరు, బి.పి., గుండెదడ. వీటి గురించి బస్సులో పక్క సీటావిడతో కూడ మాట్లాడవచ్చు. ఇంకొన్నింటిని కన్నతల్లికీ తోడబుట్టిన అక్కకీ కూడ చెప్పలేం. "అక్కడ దురద", "కింద మంట" అని సగం మాట మింగేసి చెప్తాం. మన శరీరంలో ఆ భాగానికి తిట్టుగా కాకుండా వాడుకునే మామూలు మాటే తెలుగులో లేకుండా పోయింది. పుస్తకాల్లో ఉండే "యోని" అనే మాటని పైకి అనడానికి చదువుకున్నవాళ్ళం కూడ జంకుతాం. అదీకాక లోపలి మార్గానికీ, బయట కనిపించే పెదవులకీ, వాటి చుట్టూ ఉన్న చర్మానికీ అన్నిటికీ కలిపి ఆ ఒక్క మాటే. పేరు లేని చోట వచ్చిన జబ్బుని ఏమని చెప్పి డాక్టరుకి చూపించుకోవాలి?

ఆ చర్మానికి వచ్చే ఒక దీర్ఘవ్యాధి గురించీ, దాని చికిత్స విషయంలో నడుస్తున్న ఒక వాదన గురించీ ఈ వ్యాసం. వ్యాధి పేరు లైకెన్ స్క్లెరోసస్. ఇందులో యోని పెదవుల మీదా, మలద్వారం చుట్టూ చర్మం తెల్లబడుతుంది. పలచబడి ఉల్లిపొర కాగితంలా ముడతలు పడుతుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని దురద ఉంటుంది. గోకితే చర్మం చిట్లి రక్తం వస్తుంది. మూత్రానికి వెళ్తే మంట, సంభోగమంటే భయం. వైద్యం లేకుండా ఏళ్ళు గడిస్తే లోపలి పెదవులు క్రమంగా కరిగి బయటి పెదవుల్లో కలిసిపోతాయి, క్లిటోరిస్ మీద చర్మం మూసుకుపోతుంది, యోనిద్వారం ఇరుకైపోతుంది. ఇది అంటువ్యాధి కాదు. ఎవరితోనో పడుకోవడం వల్ల వచ్చేదీ కాదు. బహిష్టులు ఆగిన స్త్రీలలో ఎక్కువగానూ, రజస్వల కాని ఆడపిల్లల్లో కొంతమందికీ వస్తుంది గాని ఏ వయసులోనైనా రావచ్చు. మగవాళ్ళకీ వస్తుంది, కాని తక్కువ. అరుదైన జబ్బని కొట్టిపారేయడానికీ లేదు. అమెరికాలో ఒక గైనకాలజీ క్లినిక్కుకి మామూలుగా వచ్చే స్త్రీలను పరీక్షించి 2005లో ప్రచురించిన లెక్క ప్రకారం 1.7 శాతం మందిలో, అంటే దాదాపు 60 మందిలో ఒకరిలో ఇది కనిపించింది.

ఈ జబ్బున్న స్త్రీకి ఇప్పుడు రెండు వైపుల నుంచీ సలహాలు వస్తున్నాయి. ఒక వైపు "ఈ ట్యూబు రాసుకో, వెళ్ళు" అనే డాక్టరు. రెండో వైపు "మందులతో పని లేదు, నీ మనసులో అణచిపెట్టుకున్నదే చర్మం మీద బయటపడుతోంది, మనసు శాంతిస్తే చర్మం దానంతటదే శాంతిస్తుంది" అనే గురువులు, కౌన్సిలర్లు, పుస్తకాలు. ఈ రెండో మాట వినడానికి మొదటిదానికంటే దయగా ఉంటుంది. అందుకే అది ప్రమాదకరం. చర్మాన్ని కళ్ళతో చూడకుండా మనసు గురించి తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదని నా వాదన. చూసి, జబ్బు పేరు చెప్పి, మందు ఇచ్చిన తర్వాత ఆ స్త్రీ మనసుని పట్టించుకోకుండా పంపేయడం కూడ అన్యాయమే. ఈ వరస తారుమారు కావడం దగ్గరే మనం నష్టపోతున్నాం.

మనసు మీదికి నెట్టడం ఎప్పటినుంచి?

ఆడవాళ్ళ నొప్పికి కారణం తెలియనప్పుడు దాన్ని వాళ్ళ మనసు మీదికో గర్భసంచి మీదికో నెట్టడం పాత అలవాటు. హిస్టీరియా అనే మాట గర్భసంచికి గ్రీకు భాషలో ఉన్న పేరు నుంచే పుట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ అలవాటు శాస్త్రం వేషం వేసుకుంది. మనోదైహిక వైద్యానికి పునాది వేసినవాళ్ళలో ఒకరుగా పేరున్న ఫ్రాంజ్ అలెగ్జాండర్ 1950లో వెలువరించిన తన గ్రంథంలో, జననాంగాల దురదకి అణచుకున్న లైంగిక ఉద్రేకం ఒక ముఖ్య కారణమని, అక్కడ గోక్కోవడం హస్తప్రయోగానికి మారురూపమని రాశాడు. రాత్రంతా దురదతో కూర్చున్న స్త్రీకి ఆ కాలపు పెద్ద డాక్టరు చెప్పిన మాట ఇది! ఆమె చర్మం తెల్లగా ఉందా, పగిలిందా అన్న ప్రశ్న వెనక్కిపోయి, ఆమె కోరికలు ముందుకొచ్చాయి.

ఆ తర్వాత ఇదే ఆలోచన సామాన్య పాఠకుల పుస్తకాల్లోకి వచ్చింది. 1984లో వచ్చిన లూయీ హే పుస్తకం ప్రపంచమంతటా అమ్ముడుపోయింది. అందులో ప్రతి జబ్బుకీ ఎదురుగా ఒక మానసిక కారణం పట్టికలాగా వేసి ఉంటుంది. యోని వాపుకి ఎదురుగా భర్త మీద కోపం, లైంగిక అపరాధభావం లాంటివి కనిపిస్తాయి. నడుంనొప్పుల మీద పుస్తకంతో పేరు తెచ్చుకున్న అమెరికన్ డాక్టరు జాన్ సార్నో 1998లో రాసిన మరో పుస్తకంలో అణచుకున్న కోపం అనే సిద్ధాంతాన్ని చర్మవ్యాధుల దాకా సాగదీశాడు. మన దగ్గర ఈ భావాలు అసలు రచయితల పేర్లు లేకుండానే ధ్యాన శిబిరాల్లో, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ తరగతుల్లో, పత్రికల ఆరోగ్య శీర్షికల్లో తిరుగుతున్నాయి. "టెన్షన్ తగ్గించుకోండమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అనే మాట వినని స్త్రీ ఉందా?

ఈ పద్ధతిలో ఉన్న చిక్కు ఏమిటో సూటిగా చెప్పుకుందాం. ఇది ఎప్పుడూ ఓడిపోదు. దురద తగ్గితే ధ్యానం పనిచేసిందంటారు. తగ్గకపోతే నువ్వు మనస్ఫూర్తిగా చేయలేదంటారు, ఇంకా ఎవరినో క్షమించలేదంటారు, లోపల ఇంకేదో దాచుకున్నావంటారు. ఏం జరిగితే తమ మాట తప్పని ఒప్పుకుంటారో ముందే చెప్పని సిద్ధాంతాన్ని పరీక్షించడం సాధ్యం కాదు. ఈలోగా జబ్బు ముదురుతుంది, నేరం స్త్రీ మీద ఉండిపోతుంది. అత్తింట్లో ఏం జరిగినా కోడలిదే తప్పనే సమాజంలో, ఒంట్లో ఏం జరిగినా ఆమెదే తప్పనే సిద్ధాంతానికి ఆదరణ దొరకడంలో ఆశ్చర్యం లేదు.

సుసాన్ సొంటాగ్ 1978లోనే ఈ సంగతి హెచ్చరించింది. క్షయ, కేన్సర్ వ్యాధుల చరిత్రను పరిశీలిస్తూ, జబ్బుకి మానసిక కారణాలు వెతికే సిద్ధాంతాలు చివరికి జబ్బుపడ్డవాళ్ళనే దోషులుగా నిలబెడతాయని వాదించింది. కడుపులో పుండ్ల కథ కూడ మన కళ్ళముందు జరిగిందే. అల్సర్ అంటే ఆందోళన వల్ల వస్తుందని దశాబ్దాల పాటు చెప్పారు. చాలా అల్సర్లకి కారణం ఒక బాక్టీరియా అని నిరూపించిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటిదాకా ఆందోళన తగ్గించుకోలేదని మాటలు పడ్డవాళ్ళకి ఎవరు క్షమాపణ చెప్పారు?

మరి మనం డాక్టర్లని నమ్మాలా?

ఇక్కడ మన మిత్రులే కొందరు ఒక అభ్యంతరం లేవదీస్తారు. "స్త్రీవాదులమై ఉండి అల్లోపతి వైద్యాన్ని వెనకేసుకు రావడమేమిటి? మనసునీ శరీరాన్నీ విడదీసి, స్త్రీని గర్భసంచిగా చూసిన వైద్యమే కదా అది?" అని. ఈ అభ్యంతరంలో సత్యముంది.

ఈ జబ్బు చరిత్రే చూడండి. యూరపులో 1885లో బ్రైస్కీ, 1887లో హలోపూ ఈ లక్షణాలను వర్ణించినప్పటి నుంచీ దీనికి రకరకాల పేర్లు పెట్టారు. కేన్సర్ వస్తుందేమోనన్న భయంతో ఎన్నో దశాబ్దాల పాటు బాహ్య జననాంగాలను మొత్తంగా కోసి తీసేసే ఆపరేషన్లు చేశారు. కోసిన తర్వాత కూడ ఆ చుట్టూ చర్మం మీద జబ్బు మళ్ళీ వచ్చేది. వేరే చోటినుంచి తెచ్చి అతికిన చర్మానికీ వచ్చేది. ఇంత హింస తర్వాతగాని ఆపరేషన్ దీనికి మందు కాదని తేలలేదు.

మన రాష్ట్రాల అనుభవం ఇంకా దగ్గరిది. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి, సరైన సమాచారం ఇవ్వకుండా స్త్రీలను పోగుచేస్తే స్త్రీశక్తి సంఘటన అడ్డుపడింది. మరుసటి సంవత్సరం విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తర్వాత గర్భసంచి ఆపరేషన్లు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట, దురద, నడుంనొప్పి అని వెళ్ళిన స్త్రీని "గర్భసంచి పాడైంది, ఉంచితే కేన్సర్ వస్తుంది" అని భయపెట్టి బల్లెక్కించిన కథలు ఏ ఊళ్ళోనైనా వినవచ్చు. దురద పుట్టింది చర్మంలో అయితే గర్భసంచి తీసేసినా ఆ దురద ఎక్కడికీ పోదు.

కార్పొరేట్ క్లినిక్కులది మరో దారి. యోనిని "పునర్‌యవ్వనం" చేస్తామంటూ లేజర్ మిషన్లు పెట్టారు. ఇలాంటి ప్రచారాల మీద 2018లో అమెరికా ఎఫ్.డి.ఎ. హెచ్చరిక జారీ చేసింది. లైకెన్ స్క్లెరోసస్‌కి లేజర్‌ను ఉత్తుత్తి లేజర్‌తో పోల్చి చూసిన ఒక పరిశోధన 2021లో వెలువడింది. చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

ఇలాంటి వైద్య వ్యవస్థని చూసి విసిగిన స్త్రీలు, చెప్పేది ఓపిగ్గా వినే ధ్యాన గురువు దగ్గరికి పోతే తప్పు వాళ్ళది కాదు. అయితే డాక్టర్ల మీద మనకున్న ఫిర్యాదు ఏమిటో స్పష్టంగా ఉండాలి. చూడవలసినదాన్ని చూడకుండా మందో కత్తో పట్టుకోవడం మన ఫిర్యాదు. చూడకపోవడం ఎంత లోతుగా ఉందో గడ్చిరోలి చెప్తుంది. ప్రాణహిత అవతల, మన ఆదిలాబాదుని ఆనుకుని ఉన్న ఆ జిల్లాలో రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను రాణీ బంగ్, అభయ్ బంగ్‌ల బృందం పరీక్షించింది. 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీరోగం ఉంది. అంతకు ముందు ఎప్పుడైనా ఒకసారి అక్కడ డాక్టరు చేత పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతం మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీని మనసుకి చెప్పే పాఠాలతో నింపుతామంటే ఒప్పుకోగలమా?

చర్మం చెప్పే సాక్ష్యం

చూస్తే తెలిసేవి ఏమిటో ఇప్పుడు చూద్దాం. ఈ జబ్బు పూర్తి కారణం ఇంకా తేలలేదు. అయితే రోగనిరోధక వ్యవస్థ సొంత చర్మం మీదే తిరగబడటం ఇందులో ఉందనడానికి ఆధారాలున్నాయి. చర్మంలోని ఒక ప్రోటీన్‌కు వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలు ఈ రోగుల్లో ఎక్కువమందిలో ఉన్నాయని 2003లో లాన్సెట్‌లో ప్రచురితమైంది. ఈ జబ్బున్న స్త్రీలలో థైరాయిడ్ జబ్బులు మామూలుకంటే ఎక్కువగా కనిపిస్తాయి. థైరాయిడ్ వచ్చిన స్త్రీని "నువ్వెవరి మీద కోపం దాచుకున్నావు?" అని అడగం. ఈమెని మాత్రం ఎందుకు అడుగుతున్నాం?

మందు సంగతి. క్లోబెటాసాల్ అనే చాలా బలమైన స్టెరాయిడ్ పూతమందు ఈ జబ్బుని అదుపు చేస్తుందని 1991 నుంచీ వచ్చిన పరిశోధనలు చెప్తున్నాయి. ఆడా మగా ఇద్దరిలోనూ వచ్చే ఈ జబ్బు పూతమందులన్నిటినీ కలిపి తూచిన కోక్రేన్ సమీక్ష 2011లో ఇదే మాట చెప్పింది. ఒకప్పుడు విరివిగా రాసిచ్చిన టెస్టోస్టిరాన్ పూత మామూలు వాసెలిన్‌కంటే మెరుగు కాదని కూడ తేలింది. అంటే వైద్యశాస్త్రం తన మందుని తానే పరీక్షించి పక్కన పెట్టింది. మానసిక కారణాల పట్టికల్లో ఏ కారణాన్నయినా ఇలా పరీక్షించి కొట్టేసినట్టు మనకు కనిపించదు.

2015లో ఆస్ట్రేలియా నుంచి మరో ముఖ్యమైన పరిశోధన వచ్చింది. ఈ జబ్బున్న 507 మంది స్త్రీలకు స్టెరాయిడ్ పూతతో చికిత్స చేస్తూ సంవత్సరాల తరబడి గమనించారు. చెప్పినట్టు క్రమంగా మందు రాసుకున్న 357 మందిలో ఒక్కరికి కూడ ఆ చోట కేన్సర్ గాని, దానికి ముందు దశ గాని రాలేదు. అప్పుడప్పుడూ రాసి మానేసిన 150 మందిలో ఏడుగురికి వచ్చింది. చర్మం అతుక్కుపోవడం, మచ్చకట్టడం మొదటి వాళ్ళలో 3.4 శాతం మందికి, రెండోవాళ్ళలో 40 శాతం మందికి. ఇది చీటీలు వేసి పంచి చేసిన ప్రయోగం కాదు కాబట్టి మందు రాయనివాళ్ళలో ఇతర తేడాలు కూడ ఉండి ఉండవచ్చు. అయినా ఇంత తేడాని తోసిపుచ్చలేం. చికిత్స లేని స్త్రీలలో కేన్సర్ ముప్పు వందకి ఐదుగురి లోపే ఉంటుందని సాధారణంగా చెప్తారు. చిన్న అంకే కావచ్చు. కాని "కోపం వదిలేస్తే చాలు" అని చెప్పి మందు మాన్పించినవాళ్ళు ఆ ఐదుగురికి ఏం జవాబు చెప్తారు? పోయిన పెదవులు, మూసుకుపోయిన క్లిటోరిస్ ఏ ధ్యానంతోనూ వెనక్కి రావు. మందుతోనూ రావు. అందుకే కాలయాపన ఇక్కడ చాలా ఖరీదైనది.

అయితే మందు అంటే ట్యూబు ఒక్కటే కాదు. ఇదే క్లోబెటాసాల్ తామర మీద రాస్తే తామర ఇంకా పాకుతుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు అన్నీ కలిపిన క్రీములు మన మందుల షాపుల్లో ఏ చీటీ లేకుండా దశాబ్దాలుగా అమ్ముడుపోయాయి. వీటి దుర్వినియోగం మీద దేశంలోని చర్మవ్యాధి నిపుణుల సంఘమే గట్టిగా పోరాడింది. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది, అదే సంవత్సరం 328 మిశ్రమ మందుల్ని నిషేధించింది. షుగరున్న స్త్రీకి వచ్చే ఫంగస్ దురద వేరు, తామర వేరు, సబ్బులూ డెట్టాల్ నీళ్ళూ పడక వచ్చే మంట వేరు, బొల్లి వేరు, ఇది వేరు. ఒకదానికి ప్రాణం పోసే మందు ఇంకోదానికి ఆజ్యం పోస్తుంది. వీటిని విడదీసేది చూపు. అనుమానముంటే ముక్క పరీక్ష. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరూ షాపుకి పోయి ట్యూబు కొనుక్కోవద్దు. చూపించుకోండి.

చూసిన తర్వాత వివరంగా చెప్పడం కూడ వైద్యంలో భాగమే. సాధారణంగా మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు రాయమంటారు. ఆ తర్వాత కూడ తక్కువ మోతాదులో కొనసాగించాలి. 30 గ్రాముల ట్యూబు మూడు నెలలు రావాలి. ఎక్కడ రాయాలో అద్దం పెట్టి చూపించాలి. ఇదేమీ చెప్పకుండా చీటీ విసిరేస్తే, ఆ స్త్రీ ఇంటికెళ్ళి ట్యూబు మీద "స్టెరాయిడ్" అన్న మాట చూసి, జననాంగాల దగ్గర జాగ్రత్త అన్న కాగితం చదివి, భయపడి మూడో రోజున మానేస్తుంది. ఆస్ట్రేలియా లెక్కలో 150 మంది వైపు చేరిపోతుంది. అక్కడినుంచి ధ్యాన శిబిరం ఎంతో దూరం ఉండదు.

మనసుకి ఇవ్వవలసిన చోటు

ఇంతకీ మనసుకి ఏ సంబంధమూ లేదా? ఉంది. దాన్ని సరైన చోట పెట్టాలి. ఆందోళనలో, నిద్రలేమిలో దురద ఎక్కువవుతుంది. గోకితే చర్మం దెబ్బతింటుంది, దెబ్బతిన్న చోట ఈ జబ్బు ఇంకా రేగుతుంది, దాంతో ఇంకా దురద. ఈ గొలుసుని తెంచడంలో మనసుకి ఇచ్చే శిక్షణ ఉపయోగపడుతుంది. 1998లో జాన్ కబట్-జిన్ బృందం సోరియాసిస్ ఉన్న 37 మందికి అతినీలలోహిత కాంతి చికిత్స ఇస్తూ, వాళ్ళలో కొందరికి ఆ సమయంలోనే ధ్యానం టేపు వినిపించింది. విన్నవాళ్ళ చర్మం త్వరగా బాగుపడింది. చిన్న ప్రయోగమే అయినా అందులో ఒక పాఠం ఉంది. ధ్యానం చేసినవాళ్ళూ కాంతి చికిత్స పెట్టె లోపలే నిలబడి ఉన్నారు. వాళ్ళని పెట్టెలోంచి బయటికి లాగి ధ్యానం చేయమనలేదు.

గోవాలో 2494 మంది స్త్రీలను పరిశీలించి 2005లో ప్రచురించిన పరిశోధన మనం ఇంకా శ్రద్ధగా చదవాలి. తెల్లబట్ట అవుతోందని చెప్పిన స్త్రీలలో ఇన్‌ఫెక్షన్లకంటే మానసిక, సామాజిక బాధలతోనే ఆ ఫిర్యాదుకి ఎక్కువ సంబంధం కనిపించింది. మన స్త్రీలు జీవితంలోని అలసటని, అవమానాన్ని కొన్నిసార్లు ఒంటి భాషలో చెప్పుకుంటారన్నది నిజం. కాని ఆ పరిశోధకులకి ఈ మాట అనే అధికారం ఎక్కడిది? ఇన్‌ఫెక్షన్ పరీక్షలు చేసిన తర్వాత వచ్చింది. పరీక్ష చేయకుండా "అంతా నీ మనసులోనే ఉంది" అనేవాళ్ళకి ఆ పరిశోధనని సాక్ష్యంగా పిలిచే హక్కు లేదు.

పోనీ, ఈ స్త్రీ మనసులోని బాధ ఎక్కడినుంచి వస్తోంది? తెల్లమచ్చలు చూసి బొల్లి అంటారేమో, చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందేమో అనే భయం. సుఖవ్యాధి అనుకుని భర్త అనుమానిస్తాడేమో అనే భయం. ఊరి గోడల మీద "గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం" ప్రకటనల మధ్య తన జబ్బు కూడ గుప్తరోగమైపోయిందన్న సిగ్గు. 1954 నాటి మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం "స్త్రీల వ్యాధులు", బొల్లి నయం చేస్తామనే ప్రకటనల్ని నిషేధించింది. అయినా గోడలు అలాగే ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది పడకగది. తాకితే చిట్లే చర్మంతో ఉన్న స్త్రీ "వద్దు" అంటే ఆ మాటకి చట్టం ఇచ్చే విలువ ఎంత? 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడ, భార్య వయసు 18 నిండితే ఆమె ఇష్టం లేకుండా భర్త చేసే సంభోగాన్ని అత్యాచారం కాదనే అంటోంది. ఈ పరిస్థితిలో ఉన్న స్త్రీకి "నీ భర్త మీద కోపం వదిలెయ్" అని ఉపదేశించడం వైద్యమా? ఆ కోపం జబ్బుకి కారణం కాదు. ఆ కోపానికి కారణాలు వేరే ఉన్నాయి, అవి ఆమె తలలో లేవు.

ఆడపిల్లల విషయంలో చూపు ఇంకా కీలకం. ఈ జబ్బు వల్ల చిన్నపిల్లల్లో వచ్చే రక్తపు మచ్చల్ని లైంగిక అత్యాచారమని పొరబడ్డ సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. జబ్బు ఉన్నంత మాత్రాన ఆ పిల్లకి అన్యాయం జరిగి ఉండదని కూడ చెప్పలేం. రెండిటినీ విడివిడిగా చూడగలిగే శిక్షణ డాక్టర్లకి కావాలి. పిల్ల మారాం చేస్తోందనో, చదువు ఒత్తిడి అనో తీర్మానించేస్తే రెండు వైపులా ఆ పిల్లే నష్టపోతుంది.

మనం అడగవలసినవి

1991లో హైదరాబాద్‌లో స్త్రీల ఆరోగ్యం మీద "సవాలక్ష సందేహాలు" వెలువడినప్పుడు, మన ఒంటి గురించిన జ్ఞానం మన చేతుల్లో ఉండాలన్నది దాని వెనక ఉన్న రాజకీయం. ఆ రాజకీయం ఇప్పటికీ పాతబడలేదు. దాన్నిబట్టే ఈ కోర్కెలు.

ఒకటి, పరీక్షించే హక్కు డాక్టరుది అన్నట్టే, పరీక్ష చేయించుకునే హక్కు మనది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో గోప్యత, సమాచారం తెలుసుకునే హక్కు, మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మరో స్త్రీ పక్కన ఉండే హక్కు ఉన్నాయి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది తెలుగులో గోడ మీద ఉండాలి.

రెండు, ఈ జబ్బు చర్మవ్యాధుల విభాగానికీ గైనకాలజీకీ మధ్య అనాథ కాకూడదు. ఒకరు "అక్కడికి పొండి" అంటే ఇంకొకరు "ఇక్కడికి కాదు" అంటారు. ప్రపంచ స్థాయిలో ఈ రెండు రంగాల వాళ్ళూ కలిసి 1970లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. మన బోధనాసుపత్రుల్లో వారానికి ఒక్క పూట ఇద్దరూ ఒకే గదిలో కూర్చోలేరా?

మూడు, ఆశా కార్యకర్తలకీ నర్సులకీ ఇచ్చే శిక్షణలో తెల్లబట్ట ఒక్కటే కాకుండా బయటి చర్మం గురించి కూడ చెప్పాలి. మానని పుండు, గడ్డ, తెల్లబడిన పగిలిన చర్మం కనిపిస్తే వెంటనే పంపించాలని తెలియాలి.

నాలుగు, ధ్యానం, యోగా, కౌన్సిలింగ్ చెప్పేవాళ్ళని మనం ఒక్క ప్రశ్న అడగాలి. "చూపించుకున్నావా?" అని మీరు మొదట అడుగుతారా లేదా? అడిగేవాళ్ళు మనకి తోడు. అడగకుండా మందు మానమనేవాళ్ళని మన సభల్లోకి పిలవనక్కరలేదు.

ఐదు, మన పని. అద్దంలో చూసుకోవడం సిగ్గు కాదని మన పిల్లలకి చెప్పాలి. మాట లేకపోతే మాట పుట్టించుకోవాలి. మన సంఘాలు పెట్టే ఆరోగ్య శిబిరాల్లో బి.పి. మిషను, షుగరు పరీక్ష ఎలాగూ ఉంటున్నాయి. ఈసారి వాటి పక్కన ఒక తెర, ఒక బల్ల, మంచి వెలుగునిచ్చే ఒక లైటు, చూడటానికి సిద్ధపడ్డ ఒక ఆడ డాక్టరు కూడ ఉండేలా చూద్దాం.